నాలుగో అంతస్తు కేకు

అక్షరాలు నాకు ఆలస్యంగా వచ్చాయి. ఒత్తులు తప్పితే మన్నించండి. ఒక్కో వాక్యానికి నాకు చాలాసేపు పడుతుంది, అందుకే కథ చిన్నది.

కొత్తగూడ దాటాక ఒక అద్దాల ఆఫీసు. స్రవంతి అందులో ఊడ్చి తుడిచే పని చేసేది.

ఆమెది నాలుగో అంతస్తు. అక్కడ తరచూ ఎవరిదో ఒకరి పుట్టినరోజు. మిగిలిన కేకు ఆ అంతస్తు తుడిచే మనిషికే ఇవ్వడం అక్కడి అలవాటు.

ఒక పొద్దున సూపర్‌వైజర్ గిరీష్ ఆమెను కిందికి పిలిచాడు.

“ఈ రోజు నుంచి నువ్వు సెల్లార్‌లో కూచోని కప్పులు తుడువు. నాలుగో అంతస్తు ఈశ్వరమ్మ సూసుకుంటాది.”

“నేనేం తప్పు చేసిన సార్?”

“చెప్పింది చెయ్.”

ఈశ్వరమ్మ కొత్తగా వచ్చిన మనిషి. యాభై దాటి ఉంటుంది. సెల్లార్‌లో మరుగుదొడ్లు కడిగేది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడదు. మాట్లాడితే గిరీష్ యాసే. రోజూ పొద్దున అతని గదిలోకి వెళ్ళి, కాసేపుండి వచ్చేది.

“సార్‌ది ప్రొద్దుటూరు. ఆమెది గూడ ఆ దిక్కే,” అంది మూడో అంతస్తు తుడిచే యాదమ్మ. “ఇగ ఏముంది? నీకు కప్పులు, ఆమెకు కేకులు.”

ఆడవాళ్ళంతా నవ్వారు. స్రవంతి నవ్వలేదు.

కప్పులు కడిగే మిషన్ లోంచి అవి వేడిగా, పొడిగానే వచ్చేవి. అయినా కసిగా తుడిచేది.

ఆమెకు ఒక భయం కూడా ఉంది. ఐదో నెల. వదులు కోటు కింద దాచుకుని వస్తోంది. కడుపుతో ఉన్న మనిషిని కాంట్రాక్టరు ఉంచడు. భర్త బండి మీద నుంచి పడి కాలు విరిగి ఇంట్లో ఉన్నాడు. ఈ జీతం లేకపోతే పొయ్యి వెలగదు.

మధ్యాహ్నం పంపుల గది పక్కన అందరూ గుండ్రంగా కూర్చొని కూరలు మార్చుకునేవారు. ఈశ్వరమ్మ డబ్బా పట్టుకుని రాగానే అందరూ ఒకరికొకరు దగ్గరికి జరిగేవారు.

“జాగ లేదమ్మా. సార్ గదిల ఏసీ ఉంటది గద, ఆడికి పోయి తిను.”

ఆమె గోడవైపు తిరిగి తినేది.

ఒకరోజు కాగితంలో చుట్టిన కేకు తెచ్చి స్రవంతి ముందు పెట్టింది.

“తిను పాపా. ఇట్లాంటప్పుడు తీపి తినబుద్ధయితాది.”

స్రవంతి చెయ్యి తనంతట తానే కోటు మీదికి పోయింది. ఈశ్వరమ్మ ఆ చేతిని చూసింది.

“నీ ఎంగిలి నాకెందుకు?” అని స్రవంతి కేకును చెత్తడబ్బాలో పడేసింది.

“మల్ల ఏరుకుంటదేమో,” అని యాదమ్మ దాని మీద టీ ఒంపింది.

ఈశ్వరమ్మ మర్నాడు మళ్ళీ తెచ్చింది. అదీ చెత్తడబ్బాలోకే పోయింది.

“ఆమెకు తెలిసిపోయిందక్కా,” అంది స్రవంతి. “రోజు సార్ దగ్గరికి పోతది. ఇయ్యాలో రేపో చెప్తది.”

“చెప్పకముందే పంపియ్యాలె,” అంది యాదమ్మ.

ఇంటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గర పనివాళ్ళ సంచులు విప్పి చూస్తారు. ఇంజనీర్ల సంచులు చూడరు. ఆ శుక్రవారం స్రవంతి ప్యాంట్రీలోంచి కాఫీ పొడి పాకెట్టు తెచ్చి, ఈశ్వరమ్మ సంచిలో అన్నం డబ్బా కింద దూర్చింది.

సెక్యూరిటీ అతను పాకెట్టు పైకెత్తాడు.

“ఏందమ్మా ఇది?”

“నాది కాదు నాయనా.”

“నీది కాదనే గద అడుగుతున్న.”

వరుసంతా నవ్వింది.

“కేకులు సాలలేదేమో,” అంది యాదమ్మ.

ఈశ్వరమ్మ వెనక్కి తిరిగి స్రవంతిని చూసింది. స్రవంతి చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. ఈశ్వరమ్మ మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టి, ఆటోలు ఆగేవైపు నడిచి వెళ్ళిపోయింది.

సోమవారం గిరీష్ స్రవంతిని పిలిచాడు.

“నాలుగో అంతస్తు మళ్ళా నీదే.”

ఆమె ముఖం వెలిగింది.

“సామాన్ల లిఫ్టు చెడిపోయింది. ఈ నీళ్ళ క్యాన్లు మెట్ల మీద ఎక్కించాల. అయినాక కిందికొచ్చి మరుగుదొడ్లు కడుగు.”

“రెండు పనులు నేనే చెయ్యాల్నా సార్?”

“ఇన్నాళ్ళూ ఒక మనిషే చేసింది గదా.”

స్రవంతి క్యాన్ ఎత్తబోయి ఆగింది. చెయ్యి కోటు మీదికి పోయింది.

“ఎత్తలేవు. నాకెప్పుడో తెలుసు,” అన్నాడు గిరీష్. “కాంట్రాక్టరుకూ తెలుసు.”

“ఆమెనే చెప్పింది గద సార్?”

“ఆమె ఎందుకు చెప్తాది? నీ నడక చూసి కాంట్రాక్టరే కనిపెట్టినాడు. నిన్ను కిందికి పిలిచిన పొద్దే తీసేయమన్నాడు.”

“మరి నన్నెందుకు ఉంచిన్రు?”

“మిషన్ కడిగి ఆరబెట్టిన కప్పుల్ని తుడిచే పని యాడన్నా ఉంటాదామ్మా?”

స్రవంతి కోటు మీది చెయ్యి తీసింది.

“‘పాప పని, నా పని నేనే చేస్తా, కాన్పయ్యేదాకా కూచోబెట్టు సార్’ అనింది ఈశ్వరమ్మ. పని ఆగకుంటే సరేలే అన్నాడు కాంట్రాక్టరు. వాని మాట మారిందేమోనని రోజూ పొద్దున్నే వచ్చి అడిగి పోయేది.” అతను చెయ్యి చాపాడు. “ఇంక నా చేతిలో ఏం లేదు. కార్డు ఇయ్యి.”

స్రవంతి మెడలో తాడు తీస్తూ నెమ్మదిగా అడిగింది.

“ఆమె మీకేమైతది సార్?”

“నాకేమీ కాదు. ఇట్లాంటి క్యాన్లు మోస్తానే కడుపు పోగొట్టుకునిందంట, మళ్ళా బిడ్డల్లేరు.”

— అమ్మణ్ణి, అరవై ఏడేళ్ళు. ఇప్పుడు నల్లగండ్లలో ఉంటున్నాను.