దేవాంగపిల్లి తల్లి

ఎస్తేరు పత్తి మొగ్గలు గిల్లుతోంది. విత్తన పత్తి చేలో సాయంత్రం పని అదే. ఆడ మొక్కల మొగ్గ విప్పి, అందులోని మగ భాగం గిల్లెయ్యాలి. తెల్లారి మగ మొక్క పువ్వు తెచ్చి దానికి రాయాలి. ఎస్తేరు చెయ్యి పడితే కాయ రాలదని రాజోలి చుట్టుపక్కల పేరు.

కూతురు అమూల్య గట్టు మీద కూర్చుంది. నాగర్‌కర్నూల్ దగ్గర ఒక పరిశోధన కేంద్రంలో ఆమెకు ఉద్యోగం. పండగా లేదు, సెలవూ లేదు, ఉన్నట్టుండి ఊరికి వచ్చింది.

"నా షుగర్ సంగతి ఏమైందే? పోయిన్నెల రక్తం తీస్కపోతివి గద."

"షుగర్ లేదమ్మా."

"అయితే పొద్దుగాల సేమియా పాయసం చేస్త," అంది ఎస్తేరు సంతోషంగా.

"అమ్మా, మా ఆఫీసుల ఒక పరేషాన్ వచ్చింది."

ఆమె పని దేవాంగపిల్లుల మీద. బల్మూర్ వైపు అడవిలో చెట్ల మీద తిరిగే పిడికెడు ప్రాణులవి. మొహమంతా కళ్లే. లీమర్లకు దూరపు చుట్టాలు. వాటి రక్తంలో ఎంజైములు అన్నిటికీ ఒకే రకంగా ఉండవు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి పిల్లకు వస్తాయి.

"ఒక తల్లి, ఒక పిల్ల. తల్లి రక్తంల ఉన్న రకం ఒక్కటన్న పిల్ల రక్తంల ఉండాలె. అస్సలే లేదు."

"అంటే ఏంది?"

"అది కన్నపిల్ల కాదు."

ఎస్తేరు చేతిలో మొగ్గ పుటుక్కున తెగింది. ఆమె చేతిలో మొగ్గ తెగడం ఎవరూ చూసి ఉండరు.

"మిషన్ ఖరాబైందేమో."

"మళ్లమళ్ల చూసిన. గదే చెప్తుంది."

"ఇప్పుడేం జేస్తరు?"

"నేను రాసిస్తే వేరు చేస్తరు. పిల్లకు అసలు తల్లిని ఎతుకుతరు."

ఎస్తేరు సాలులోంచి బయటికి వచ్చింది. కుక్కపిల్లను కూడా గడప తొక్కనివ్వని మనిషి. ఇప్పుడు ఒక అడవి జంతువు కోసం కూతురి మీద గొంతు పెంచింది.

"ఈ కాయ ఎవ్వలదో చెప్పు. మోసింది ఆడ మొక్క. పువ్విచ్చింది మగ మొక్క. నా చెయ్యి పడకుంటే ఇది ఉంటుండెనా? కనుడొక్కటేనా లెక్క? పాలకు ఏడిస్తే ఎత్తుకున్నది ఎవ్వలు, నీ మిషనా?"

"నేనేమన్ననమ్మా."

"తల్లికి తెలిసే ఉంటది. తెలిసే సాదింది. పిల్లకు మాత్రం తెల్వద్దు."

"పిల్లకు ఎవరు చెప్తరమ్మా? అది దేవాంగపిల్లి."

"ఏదైనా గానీ." ఎస్తేరు కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వైతే రాయకు బిడ్డా. జర నా మాట ఇను."

"రాయను. పిల్ల తల్లి దగ్గర్నే ఉంటది."

"మాటేనా?"

"మాటే."

ఎస్తేరు మళ్లీ సాలులోకి దిగింది. అమూల్య చెప్పులు విడిచి పక్క సాలు పట్టింది. ఆమెకు మొగ్గ గిల్లడం నేర్పింది ఎస్తేరే. ఇద్దరి వేళ్లూ ఒకేలా కదులుతున్నాయి.

నిజానికి ఆ కేంద్రానికి దేవాంగపిల్లుల రక్తం ఇంకా రానే లేదు. కొత్త మిషను సరిగ్గా నడుస్తోందో లేదో చూద్దామని అమూల్య ఇప్పటిదాకా అందులో పెట్టింది పోయిన నెల తీసుకెళ్లిన అమ్మ రక్తం, తన రక్తం మాత్రమే.