పక్కవాడి వేడి

తలుపు మీద మొదటి గొడ్డలి వేటు పడేసరికి నా నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

చలికాలమంతా మంచు గడ్డకట్టే మా వూచ్ నగరంలో ఆ ఏడు, గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లకు వేడి పెంచి తగ్గించే థర్మోస్టాట్ వాల్వులు బిగించారు. ఎవరు వాడిన వేడికి వాళ్లే బిల్లు కట్టుకోవాలి. పక్క ఫ్లాటు బోగుమిల్ తన వాల్వులన్నీ సున్నాకు తిప్పేసి, మా మధ్య గోడలోంచి వచ్చే నా వేడితో దర్జాగా చలికాలం గడిపేస్తున్నాడు. ఒళ్లు మండి నేనూ సున్నాకు తిప్పేశాను. వాడు వచ్చి తలుపు బాదినప్పుడల్లా గొర్రెతోలు కోటులో ముడుచుకుని, కిక్కురుమనకుండా లోలోపల నవ్వుకుంటూ కూర్చున్నాను.

రెండో వేటుకు గడియ ఊడింది. చంపడానికే వచ్చాడనుకుని ఇనప పెనంతో వాడి నెత్తిన ఒక్కటిచ్చాను. నెత్తురు కారుతుండగానే వాడు నా పీక పట్టుకుని గోడకేసి బాదాడు. నా ముక్కు పగిలింది. ఇద్దరం నేలమీద దొర్లాం.

"వేడి దొంగా! నువ్వు వెచ్చగా పడుకోడానికి నేను డబ్బు తగలెయ్యాలట్రా?" అని అరిచాను.

వాడు నన్ను వదిలేసి, పాకుతూ వెళ్లి, నా రేడియేటరు వాల్వు పూర్తిగా తెరిచాడు.

"గోడ శవంలా చల్లబడిపోయిందిరా! ఎంత బాదినా పలకవు. చచ్చిపోయావనుకున్నా," అంటూ వెక్కివెక్కి ఏడ్చాడు.

"బతికే ఉన్నాగా! మరి నా ముక్కెందుకు పగలగొట్టావు?"

"బతికుండి కూడా పలకనందుకు," అని లేచొచ్చి ఇంకొకటి గుద్దాడు.