పగుళ్లు ఆయనవి, పెచ్చులు ఆవిడవి

ఆదివారంలోగా ఇల్లు కూలిపోయేలా కనిపించాలి.

కండక్టరు చెవి మీద బ్రష్షు దోపుకుని, ఒక కన్ను మూసి, ముందుగది గోడని కిందికీ మీదికీ చూశాడు. బస్సు దిగి రిటైరైన దగ్గర్నుంచీ ఆయనకి అక్రిలిక్ రంగుల పిచ్చి పట్టుకుంది. మామూలు పిచ్చి కాదు. ఒకసారి గోడమీద ప్లగ్గు పాయింటు బొమ్మ వేస్తే, చూడవచ్చిన బావమరిది చార్జరు పట్టుకుని పావుగంటసేపు పొడిచి పొడిచి, "మీ ఇంట్లో కరెంటు సరిగ్గా లేదు బావా" అని విసుక్కుని వెళ్లిపోయాడు. తలుపు వెనక ఆయన వేసిన మేకుకి చొక్కా తగిలించబోయి నేలపాలు చేసుకోని చుట్టం లేడు.

వాళ్లావిడేం తక్కువ తినలేదు. పాత పేపర్లు నానబెట్టి, రుబ్బి, జిగురు కలిపి ఒక పిల్లిని చేసి కిటికీలో పెడితే, దాన్ని చూసి పక్కింటి కుక్క గొంతు బొంగురుపోయేదాకా మొరిగింది.

ఇలాంటి జంటకి ఇల్లు అద్దెకెవరిస్తారు? ఎన్ని గడపలెక్కి దిగితేనో దొరికిన కొంప ఇది. ఇప్పుడు ఓనరు దీన్ని అమ్మేస్తానంటున్నాడు. కళ్లద్దాల షాపాయన కొంటాడట. ఆదివారం చూడ్డానికి వస్తాడట. నచ్చిందంటే వీళ్లు రంగుడబ్బాలూ, సీసాలూ, పిల్లితో సహా రోడ్డున పడతారు.

"నచ్చకుండా చేస్తే సరి," అంది ఆవిడ పేపరు గుజ్జు పిసుకుతూ.

పని పంచుకున్నారు. పగుళ్లు ఆయనవి, పెచ్చులు ఆవిడవి.

ఆయన ముందుగది గోడకి నల్లరంగు పూశాడు. దానిమీద జిగురు పట్టించి, అది ఆరీ ఆరకముందే పైన తెల్లరంగు వేశాడు. ఆరేకొద్దీ తెలుపు టపటపా చిట్లి, లోపలి నలుపు గీతలు గీతలుగా బయటపడింది. స్పాంజితో మట్టిరంగు అద్ది చెమ్మ మరకలు తెప్పించాడు. ఆవిడ గుజ్జులో సుద్దపొడి కలిపి, పలకలుగా ఎండబెట్టి, ముక్కలు విరిచి గోడవారన చల్లింది. అచ్చం రాలిన పెచ్చులే.

మర్నాడు పొద్దున్నే వంటగదిలోకి వెళ్లిన కండక్టరు గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఎదురుగోడమీద పైనుంచి కిందిదాకా పగులు. మెట్లు మెట్లుగా విరుచుకుంటూ దిగింది. ఒకచోట వెంట్రుకంత సన్నం, ఒకచోట వేలంత లావు. లోపలి చీకటి ఎంత బాగా కుదిరిందో! తను గుర్రుపెట్టి నిద్రపోతుంటే ఇది ఎప్పుడు కానిచ్చిందో మహాతల్లి! ఆయనకి కడుపు రగిలిపోయింది. మెచ్చుకుంటే లోకువైపోతానని నోరు కుట్టేసుకున్నాడు.

ఆవిడ వచ్చి గోడకేసి చూసి, "బాగానే కుదిరింది," అని మూతి తిప్పుకుంది.

సొంత డబ్బా, అనుకున్నాడు.

ఆవిడ పెచ్చుల పని కూడా శ్రుతి మించింది. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ తయారు.

"ఏమోయ్, కాఫీలో కూడా వెయ్యాలా? ఇల్లు చూసేది ఆ షాపాయనైనా, కాఫీ తాగేది నేను!"

"నేనెందుకు వేస్తానండీ? రంగు చేతులు దులుపుకోకుండా తాగితే పడక ఏమవుతుంది?"

శనివారం స్నానాలగది తలుపు పట్టేసింది. ఆయన బయటనుంచి భుజంతో తోస్తేగానీ ఆవిడ బయటపడలేదు.

"తలుపుక్కూడా రంగు దట్టించారా?"

"అంచుకి ఒక్క పూత వేశానంతే."

"మీ ఒక్క పూత సంగతి నాకు తెలీదూ!"

ఆదివారం కళ్లద్దాల షాపాయన రానే వచ్చాడు. వెనకాలే ఓనరు. షాపాయన రెండు జతల అద్దాలు మార్చి ముందుగది గోడని గోకి చూశాడు. "ఇది పైపైనేలెండి. ఒక పూత సున్నం కొడితే పోతుంది."

ముందుగది అంటే తన పనితనం. కండక్టరు మొహం మాడిపోయింది. సామాను సర్దుకోవడమే తరువాయి అనుకున్నాడు.

షాపాయన వంటగదిలోకి నడిచాడు. పగులుకి చెంప ఆనించాడు.

"అయ్యబాబోయ్, ఇందులోంచి గాలొస్తోందండీ!"

కండక్టరు మీసాల్లోనే నవ్వుకున్నాడు. బొమ్మ ప్లగ్గులో కరెంటు వెతికిన బావమరిది గుర్తొచ్చాడు. మంచి పనితనానికి ఉన్న మహిమే అది, లేని గాలి కూడా తగుల్తుంది.

అంతలో అరచేతంత పెచ్చు ఊడి షాపాయన బట్టతల మీద పడింది. ఆవిడ చూడబోతే అటు చివర గుమ్మం దగ్గర, ఏమీ ఎరగనట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఎక్కడ దారం కట్టి లాగిందో! కండక్టరుకి చప్పట్లు కొట్టాలనిపించింది.

షాపాయన చెప్పులు చేత్తో పట్టుకుని వీధి చివరిదాకా పరిగెత్తాడు. ఓనరు గేటు అవతలే నిలబడి గుండెలు బాదుకున్నాడు.

"ఇంక దీన్నెవడు కొంటాడు కండక్టరుగారూ! మీరే ఉండండి. బతికున్నంతకాలం ఈ ఇంట్లోంచి మిమ్మల్ని కదిలించేవాడు లేడు."

గెలిచారు. తలుపేసుకుని ఇద్దరూ వంటగదిలో కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుకున్నారు. ఆ సంబరంలో కండక్టరు మనసు కరిగిపోయింది.

"ఏమోయ్, ఒప్పేసుకుంటున్నాను. దీని ముందు నా పగుళ్లు పిచ్చిగీతలు. ఇంత చిక్కటి నలుపు ఏ డబ్బాలోదో ఇప్పుడైనా చెప్పు."

"చాల్లెండి వేళాకోళం. నన్నే ఆటపట్టిస్తారా?" అంది ఆవిడ మురిసిపోతూ.

ఇద్దరూ తలెత్తి గోడకేసి ముచ్చటగా చూస్తుండగా, పైకప్పు దగ్గర పురుగుకోసం కాచుకున్న బల్లి ఒకటి చరచరా దిగివచ్చి, ఆ పగుల్లోకి దూరి, తోకతో సహా మాయమైపోయింది.