బస్సులో టాబ్లాయిడ్

"ఇంకో ఫొటో తర్వాత తీద్దువు గాని, ముందు నువ్వు రాసింది చదువు."

తిరుమలగిరి బస్సులో టికెట్లు కొడుతున్న కండక్టర్ రజిత, ఫొటో తీయడానికి ఫోన్ ఎత్తిన విలేకరి దయాకర్ చేతిలో నిన్నటి పేపరు పెట్టింది. ఎండకు కళ్లు తిరిగి పడిన డ్రైవర్‌కు ఆమె నీళ్లు తాగిస్తున్న ఫొటో. పైన 'డ్యూటీలో సరసాలు' అని అరచేయంత అక్షరాలు. అది చూసే పొద్దున అత్త, రేపట్నుంచి నౌకరి బంద్ అని తేల్చేసింది.

"మాది టాబ్లాయిడ్ అక్కా," నవ్వాడు దయాకర్.

"అంటే ఏంది?"

"చిన్న పేపర్, పెద్ద హెడ్డింగ్. జెర మసాలా ఉంటది. ఎవ్వరూ నిజమనుకోరు."

"మా అత్త అనుకున్నది. గట్టిగ చదువు, అందరు వింటరు."

జీరో టికెట్ మీద ఉచితంగా ప్రయాణిస్తున్న ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. ముందు సీటు ముసలమ్మ అంది: "చదువు బిడ్డా, నాకు చదువు రాదు."

"డ్యూటీలో..." అని దయాకర్ ఆగాడు. రెండో మాట పెగల్లేదు. చెవులు ఎర్రబడ్డాయి.

పొద్దున్నుంచి ఆ పేపరు కనబడ్డచోటల్లా చించి పారేస్తూ వచ్చిన రజిత అతని మొహంకేసి చూసింది. అరే, సిగ్గుపడాల్సింది తను కాదు, అతను!

"ఇటియ్యి, నేనే చదువుత."

హెడ్డింగ్ నుంచి చివరి అక్షరం దాకా గుక్క తిప్పుకోకుండా చదివింది. ముసలమ్మ దయాకర్‌ను కిందికీ మీదికీ చూసి, "నీళ్లు తాపిచ్చినందుకా గింత రాసినవ్?" అంది.

దయాకర్ సిగ్నల్ దగ్గరే దిగిపోయాడు. రజిత ఫోన్ చేసింది.

"అత్తమ్మా, రేపు ఫస్ట్ బస్సు నాదే. టిఫిన్ డబ్బా జల్దీ కట్టు."

ఫోన్ జేబులో పెట్టి, బస్సంతా వినబడేలా అంది: "రైట్, రైట్!"