కార్తీక సోమవారపు చుక్కలు

ఆ కాలానికి కిటికీలు తెరిచేవాళ్లే లేరు. గదికో సీలింగు దీపం ఉదయం తెల్లగా వెలిగి, సాయంత్రం పసుపెక్కి, రాత్రికి చుక్కలు పొడిపించేది.

కార్తీక సోమవారం అత్తాకోడళ్లిద్దరిదీ ఉపవాసం. చుక్క చూస్తే గాని తినకూడదు. మూడింటికే కామేశ్వరమ్మ కడుపులో ఎలుకలు పరుగెత్తాయి. ఎవరు పొడిపిస్తే ఏం, చుక్క చుక్కే అనుకుని, కోడలు చూడకుండా హాల్లో రిమోటు నొక్కింది. చీకటి పడి, పైన చుక్కలు మెరిశాయి.

“వసుంధరా, చుక్కలొచ్చేశాయే! ఆకెయ్యి,” అంటూ దణ్ణం పెట్టుకుని వంటింట్లోకి నడిచింది.

అక్కడా చీకటే, పైన చుక్కలే. వాటి కింద వసుంధర పులిహోర తిన్న ఆకు మడుస్తోంది.

“వంటింట్లో రెండింటికే వచ్చేశాయండి, అత్తయ్యగారూ.”