మోగకూడని ఫోను

అవతల భర్త ఫోను మోగుతోంది. ఆమె చేతిలోని కత్తెర పక్కన పెట్టి మళ్ళీ చెవి రిక్కించింది. సందేహం లేదు, మోగుతోంది.

భర్తది విమానంలో ఉద్యోగం. ప్రయాణికుల చేత ఫోన్లు ఆపించడం ఆయన రోజువారీ పని. ఆపనని మొరాయించిన వాళ్ళ కథలు ఇంటికొచ్చి అభినయించి మరీ చెప్పేవాడు. తన ఫోనైతే విమానం తలుపులు మూయకముందే ఆపేసేవాడు. ఆయన గాల్లో ఉన్నంతసేపూ ఆమె ఇంట్లో కూర్చుని ఊళ్ళోవాళ్ళ బట్టలు కుడుతూ మధ్యమధ్య ఆ నంబరు కొట్టేది. స్విచాఫ్ చేసి ఉందని చెప్పే గొంతు వింటే, ఆయన తన పనిలో తాను క్షేమంగా ఉన్నాడని ఆమెకు నిశ్చింత. ఈ పిచ్చి అలవాటు చూసి ఇంటిల్లిపాదీ నవ్వేవారు.

తొలి విమానం తనదేననీ, మధ్యాహ్నం దాకా ఫోను ఉండదనీ చెప్పి పొద్దున్నే వెళ్ళాడు. ఆ ఫోను ఇప్పుడు మోగడమేమిటి?

అక్కకు కబురు పెట్టింది. అక్క కోర్టులో టైపిస్టు. విడాకుల కాగితాలు కొట్టీ కొట్టీ, పెళ్ళయిన ప్రతి మగాడినీ ముద్దాయిలాగే చూస్తుంది. సెలవు రోజు కావడంతో రెక్కలు కట్టుకుని వాలింది.

"ఆపడం మర్చిపోయాడేమో అక్కా."

"మర్చిపోతే మాత్రం అంత ఎత్తున సిగ్నలెక్కడిదే పిచ్చిమొహమా? మీ ఆయన నేల మీదే ఉన్నాడు. ఎవరితో ఉన్నాడన్నదే తేలాలి."

ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టు వదిలేసినవన్నీ ఒక్కొక్కటే ఆమెకు గుర్తుకొచ్చాయి. ఫోను ఎప్పుడూ బోర్లాపెట్టడం, అన్నం మధ్యలో బాల్కనీలోకి వెళ్ళి గుసగుసలాడటం, కొత్తగా సెంటు. పైగా ఈమధ్య చొక్కాలు తనే ఉతుక్కుంటున్నాడు. పెళ్ళయ్యాక బకెట్టు ముట్టుకోని మనిషికి ఆ బుద్ధి ఎలా పుట్టిందో ఆమె అడగనేలేదు. అక్క అన్నీ విని, నిప్పు లేనిదే పొగ రాదని తీర్పు చెప్పేసింది. వద్దంటున్నా వినకుండా మంచం కింది పెట్టె లాగి, ఆయన బట్టలు కుక్కడం మొదలుపెట్టింది.

ఆమె మళ్ళీ ఫోను చేసింది. మోగింది గానీ ఎత్తలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. ఆ మనిషంటే ఆమెకు ప్రాణం. ఆ మాట ఇప్పుడు అక్కతో అంటే చీవాట్లు తప్పవు.

"ఒక్క రుజువు దొరకనీ అక్కా, ఈ జన్మలో ఆయన మొహం చూడను" అంది.

అప్పుడే కింది వాటా పెద్దాయన తలుపు తోసుకుని వచ్చాడు. మెట్లెక్కిన ఆయాసంతో మాట పెగలక, తనే వెళ్ళి టీవీ పెట్టాడు. తెర మీద కొండవాలు, దట్టంగా పొగ. పొద్దున బయల్దేరిన తొలి విమానం కూలిపోయిందనీ, సిబ్బందితో సహా ఒక్కరూ మిగల్లేదనీ వార్త చదువుతున్నారు. అది భర్త ఎక్కుతానన్న విమానమే.

అక్క చేతిలోని చొక్కా జారిపోయింది.

ఫోను నేల మీద ఉన్నంత మాత్రాన మనిషీ నేల మీదే ఉన్నాడని ఏముంది? హడావిడిలో ఏ బల్ల మీదో మరిచిపోయి విమానం ఎక్కేశాడేమో. ఆమె గబగబా మళ్ళీ నంబరు కొట్టింది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

"పొద్దుట్నుంచీ చేస్తూనే ఉన్నారేంటండీ?" అంది ఒక ఆడగొంతు, బద్ధకంగా. "టైలరు అని పేరు పడుతోంది. బట్టల సంగతైతే సాయంత్రం చెయ్యండి, ఆయన స్నానం చేస్తున్నారు."

"బతికించావు తల్లీ" అంది ఆమె.