రంగు దొంగ

"ఆరువందల నలభై కలర్ పేజీలా!"

పెద్దసారు కాపీ మెషిన్ బిల్లును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. దూరంగా పెట్టి చూశాడు. అంకె మాత్రం మారలేదు.

అది లిఫ్టులు తనిఖీ చేసే ఆఫీసు. తాడు గట్టిగా ఉందా, తలుపు సరిగ్గా మూసుకుంటోందా, బ్రేకు పడుతోందా, ఇవీ అక్కడి రిపోర్టులు. అంతా తెల్లకాగితం మీద నల్లటి అక్షరాలే. పెద్దసారు సంతకం పెడతాడు, టైపిస్టు మూడు కాపీలు తీస్తుంది, హెడ్ క్లర్కు వాటిని కవర్లలో పెట్టి పంపిస్తాడు. బొమ్మల్లేవు, పువ్వుల్లేవు. మరి ఈ రంగులెక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?

"ఎవరో మన మెషిన్ మీద సొంత దుకాణం తెరిచారు," అని తేల్చేశాడు పెద్దసారు.

ఆయనకు అనుమానం రావడానికి మామూలుగా కారణమే అక్కర్లేదు. ఇప్పుడు కారణం కూడా దొరికింది, ఇక ఆగుతాడా! చాటున అందరూ ఆయన్ని భూతద్దం అనే పిలుస్తారు. గుండుసూదులు లెక్కపెట్టి ఇస్తాడు. తన పెన్ను ఒకరికివ్వడు, ఇంకొకరి పెన్నుతో సంతకం పెట్టడు.

మెషిన్ అద్దెకొచ్చి నెలే అయింది. పాతదానికి నలుపు తప్ప ఇంకోటి తెలీదు. కొత్తదంటే హెడ్ క్లర్కుకు మహా ముచ్చట. "అసలేదో, కాపీ ఏదో నాకే తెలియట్లేదమ్మా!" అని టైపిస్టుతో రోజూ మురిసిపోయేవాడు. పొరపాటు జరక్కుండా కాపీల మీద 'కాపీ' అని నల్లటి ముద్ర కొట్టడం కూడా మొదలుపెట్టాడు.

మెకానిక్ వచ్చాడు. మూత తీశాడు, మూశాడు.

"మెషిన్ గుండ్రాయిలా ఉంది సార్. ఆవగింజంత రంగు కనబడినా ఆ పేజీని కలర్ కింద రాసుకుంటుంది, కనబడకపోతే నలుపు కింద. దీనికి అబద్ధాలు రావు."

"విన్నారుగా? దీనికి రావు. మనుషులకొచ్చు," అంటూ పెద్దసారు అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు.

ఆ మధ్యాహ్నమే సొరుగులన్నీ తెరిపించాడు. హెడ్ క్లర్కు సొరుగులో తలనొప్పి మాత్రలు, అరిగిపోయిన దువ్వెన దొరికాయి. టైపిస్టు సంచిలో మాత్రం పెద్ద కాగితం మీద నిగనిగలాడే చిలక బొమ్మ బయటపడింది. ఎర్ర ముక్కు, పచ్చ రెక్కలు.

పెద్దసారు దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి అందరికీ చూపించాడు.

"మా పాప స్కూలు ప్రాజెక్టుకి సార్. మా వీధి చివర షాపులో వేయించాను."

"రసీదు?"

"ఒక్క కాగితానికి రసీదెవరిస్తారు సార్?"

"అదీ నిజమే. దొంగతనానికి అసలే ఇవ్వరు," అన్నాడు పెద్దసారు.

ఆమె మొహం కందిపోయింది. భర్త నిచ్చెన మీంచి పడి నాలుగు నెలలుగా మంచంలో ఉన్నాడు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈ ఉద్యోగమొక్కటే ఆధారం. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. పెద్దసారుకు ఇంకా బాగా తెలుసు, అందుకే ఆయన అనుమానం మరింత గట్టిపడింది.

మర్నాడే కొత్త రూలు వచ్చింది. రిపోర్టు కావచ్చు, ఉత్తరం కావచ్చు, సెలవు చీటీ కావచ్చు, పెద్దసారు సంతకం లేకుండా ఒక్క కాగితం కూడా మెషిన్ ఎక్కకూడదు. పేజీ పేజీకీ సంతకమే. పాపం, సంతకాలు పెట్టీ పెట్టీ ఆయన వేళ్ళు కొంకర్లు పోయాయి. అయినా మానలేదు. దొంగ దొరకాలి కదా!

నెల తిరిగింది. రెండో బిల్లు వచ్చింది. కలర్ పేజీలు వెయ్యీ తొమ్మిది వందలు.

పెద్దసారుకు తల తిరిగిపోయింది.

"ప్రతి కాగితం నా చేతిమీదుగా వెళ్తోంది. అయినా మూడింతలయ్యాయంటే ఆ టైపిస్టు నా సంతకం ఫోర్జరీ చేస్తోందన్నమాట! ఎంత గుండె ధైర్యం!"

"అలా అనకండి సార్. ఆ పిల్ల అలాంటిది కాదు," అని హెడ్ క్లర్కు అడ్డుపడబోయాడు.

"అయితే మీరా?"

హెడ్ క్లర్కు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయనకూ ఇల్లుంది.

పెద్దసారు ఆర్డరు తనే టైపు చేసుకున్నాడు. 'రేపటి నుంచి మీ సేవలు అవసరం లేదు.' కింద సంతకం గీశాడు. గాజు తలుపు అవతల టైపిస్టు బల్ల ఖాళీ చేస్తోంది. ఏడుపు ఆపుకోవడం ఆమె వల్ల కావడంలేదు. "బాబాయ్‌గారూ, మా ఆయనకేం చెప్పను? మీరైనా నమ్మండి," అంటోంది. "నేను నమ్మి ఏం లాభమమ్మా," అంటూ హెడ్ క్లర్కు తల దించుకున్నాడు.

ఆర్డరు ఇచ్చేముందు ఒక కాపీ ఫైల్లో ఉండాలి. అది రూలు. ఇలాంటి కాగితాన్ని ఎవరి చేతికిస్తాడు? ఇన్నాళ్ళలో మొదటిసారి పెద్దసారు తనే లేచి మెషిన్ దగ్గరికి వెళ్ళాడు. ముందుజాగ్రత్తగా మెషిన్ తెర మీద కలర్ పేజీల లెక్క ఎంతుందో అరచేతి మీద రాసుకున్నాడు. ఆర్డరును గాజు మీద బోర్లించి మూత వేశాడు. మీట నొక్కాడు.

మెషిన్ గుర్రుమంది. కలర్ లెక్క ఒకటి పెరిగింది.

ఆయన గబగబా వెనక్కి చూశాడు. గదిలో ఎవరూ లేరు.

కాపీ అందుకుని చూస్తే, నల్లటి అక్షరాల కింద, ఆ పాప చిలక రెక్కల రంగులో, ఆకుపచ్చగా, తన సంతకమే ఉంది.